అక్షరము నిలుచు చోటు

గోదావరిఖని అను పేరులో రెండు మాటలున్నవి. ఒకటి నది, రెండవది గని. ఇచ్చటి జనులు గనిని ‘బాయి’ యనియే పిలుతురు. ఈ ప్రాంతమును తలచినప్పుడు మనకు బొగ్గును, రామగుండము విద్యుత్తును స్ఫురించునే గాని అక్షరము స్ఫురింపదు. అయినను తెలుగక్షరమునకు రూపము కల్పించు విద్య ఎట్లు పుట్టినదో, ఒక చేతి నుండి మరియొక చేతికి ఎట్లు అందుచు వచ్చినదో చెప్పుకొనుటకు ఈ నేల మిక్కిలి అనువైనది. ఇచ్చట అక్షరము లోహముపై నిలిచినది, రాతిపై నిలిచినది, రేకుపై నిలిచినది, నేడు తెరపై నిలుచుచున్నది. చోటు మారిన ప్రతిసారియు మనుష్యుడు దానిని మొదటినుండి నేర్చుకొనవలసి వచ్చినది.

1990 ప్రాంతమున సింగరేణి సంస్థలో లక్షకు పైబడిన ఉద్యోగులుండగా, నేడా సంఖ్య 50 వేలకు లోబడినది. బాయిలో పని దొరకని యువకులు కొందరు కంప్యూటరు ముందు కూర్చుండి శుభలేఖలు, కరపత్రములు, ఫ్లెక్సీలు, ఫోను తెరలకు వలయు పుటలు కూర్చి జీవించుచున్నారు. వారు మొదట నేర్చునది ఏ మీట నొక్కిన ఏ అక్షరము వచ్చునన్న సంగతి. అది అవసరమే. కాని ఆ మీటలును, ఆ యంత్రములును పదేండ్లకొకమారు మారిపోవుచున్నవి. మారని సంగతి మరియొకటి కలదు. అక్షరము ఏ చోట నిలుచును, ఏ వెలుగున చదువబడును, ఎట్టి కన్ను దానిని చదువును అను విచారణయే అది. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఇంతమాత్రమే. చరిత్ర దీనికి సాక్ష్యము చెప్పగలదు.

మొదటి సాక్ష్యము సమీపముననే ఉన్నది. రామగుండమునకు ఎగువన, గోదావరి కుడి ఒడ్డున, పెద్దవాగు నదిలో కలియు చోట కోటిలింగాల అను గ్రామము కలదు. నేడది జగిత్యాల జిల్లాలోనిది. ఆ పురాతన స్థలములో కొంత భాగము ఎల్లంపల్లి జలాశయపు నీటిలో మునిగినది. ఇచ్చట శాతవాహనుల నాణెములును, వారికి ముందటి స్థానిక పాలకుల నాణెములును దొరికినవి. గోబద, నారన, సమగోప అను పేర్లు వానిపై బ్రాహ్మీ లిపిలో కనబడుచున్నవి. నాణెముపై అక్షరము సరిగా పడవలెనన్న, దానిని కొట్టు ముద్రికపై ఆ అక్షరమును కుడియెడమలు తారుమారు చేసి చెక్కవలెను. వ్రేలి గోరంత చోటులో పేరంతయు ఇముడవలెను. లోహము మెత్తబడి వ్యాపించినను అక్షరము అక్షరముగనే మిగులవలెను. తరువాతి కాలమున అచ్చు అక్షరములను పోతపోసినవారు నేర్చిన విద్యకు ఇది తొలి పాఠము వంటిది.

రెండవ సాక్ష్యము రాయి. కరీంనగర్ జిల్లా గంగాధర మండలమున, కురిక్యాల చెంతనున్న బొమ్మలగుట్టపై 10వ శతాబ్దమున జినవల్లభుడు ఒక శాసనమును చెక్కించినాడు. ఈతడు కన్నడ ఆదికవి యగు పంపని సోదరుడు. సంస్కృతము, కన్నడము, తెలుగు అను మూడు భాషలును ఆ రాతిపై కలవు. తెలుగు భాగము కందపద్యములలో నున్నది. ఆనాటికి తెలుగు, కన్నడ లిపులింకను వేరుపడలేదు. నాణెమును చేతిలోనికి తీసికొని చదువుదుము. కొండరాతిని నిలుచుండి, తల యెత్తి, ఎండలో చదువుదుము. ఉలి చేసిన లోతులో పడు నీడయే అచ్చట సిరా. కావున శాసనశిల్పి గీత వెడల్పుతో పాటు దాని లోతును గూడ లెక్కింపవలసినవాడయ్యెను.

తాటాకుపై గంటము నడచిన నాడు మరల పద్ధతి మారినది. ఆకు ఈనె వెంట నిలువు గీతలును, అడ్డు గీతలును లోతుగా గీచిన ఆకు చీలును గనుక మన లిపి గుండ్రదనమునకు మొగ్గినదని పెద్దలు చెప్పుదురు. ఈ గుండ్రని అక్షరములే తరువాత సీసములోనికి దిగవలసి వచ్చినది. తెలుగున తొలి అచ్చు పుస్తకములు జర్మనీ దేశమందలి హాలే పట్టణమున 1746-47 ప్రాంతమున వెలువడినవి. మద్రాసున తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అను మతబోధకుడు వానిని ముద్రింపించినాడు. అటుపిమ్మట బంగాళమందలి శ్రీరామపురమున విలియం కేరీ తెలుగు వ్యాకరణము 1814లో ప్రకటితమైనది. మద్రాసున కాంబెల్ వ్యాకరణము 1816లోను, బ్రౌనుదొర తెలుగు–ఆంగ్ల నిఘంటువు 1852లోను వచ్చినవి. 1854లో వావిళ్ల రామస్వామిశాస్త్రులవారు మద్రాసున ముద్రాక్షరశాలను స్థాపించినారు.

శ్రీరామపురపు కథలో మనము నిలిచి చూడదగిన ఘట్టమొకటి కలదు. అచ్చటి అక్షరములను పోతపోసినవారు పంచానన కర్మకారుని పరంపరలోనివారు. కర్మకారుడనగా కమ్మరి. పంచాననుడు చార్లెస్ విల్కిన్సు చెంత ఈ పని నేర్చి, తన అల్లుడు మనోహరునకు నేర్పినాడు. ఉక్కు ముక్కపై అక్షరమును తారుమారుగా చెక్కి, దానిని కాల్చి గట్టిపరచి, రాగిపై కొట్టి, ఆ రాగి గుంటలో సీసమును పోయుట వారి పని. 1812 మార్చి 11వ తేదీన ఆ ముద్రణశాల అగ్నికి ఆహుతి అయినది. సీసపు అక్షరములన్నియు కరగి ముద్దలైనవి. కాని బూడిదలో ఉక్కు ముద్రికలు చెడక దొరికినవి. వానితో మరల అక్షరములు పోతపోసినారు. ఫలము కాలిపోయినను బీజము మిగిలినది. కమ్మరి చేతిలోని విద్య అట్లు నిలువకున్న ఆ పని మరల ఎన్నేండ్లకు సాగియుండెడిదో!

ఇక కంపోజిటరు సంగతి. ఆంగ్లమునకు 26 అక్షరములు, వానికి పెద్దబడి చిన్నబడి రూపములు చాలును. మనకట్లు కాదు. 36 హల్లులకు పదునాలుగేసి గుణింతములు లెక్కించినను రూపములు ఐదువందలు దాటును. వాని క్రింద ఒత్తులు వేరు. కావున కొన్ని రూపములను ఒక్క పోతగాను, కొన్నిటిని ముక్కలుగాను పోసి చేతితో కూర్చు పద్ధతి ఏర్పడినది. తెలుగు పంక్తి మూడంతస్తుల మేడ వంటిది. పైన తలకట్టు, గుడి, ఏత్వములు, నడుమ అక్షరము, క్రింద ఒత్తులు. పై పంక్తి ఒత్తు క్రింది పంక్తి గుడితో తగులకుండ చూచుటయే కంపోజిటరు నైపుణ్యము. ఏ గూటిలో ఏ ముక్క యున్నదో అతని వ్రేళ్లకు తెలియును; ఎచ్చట ఎంత ఎడము విడువవలెనో అతని కంటికి తెలియును. ఆ తెలివి ఏ పుస్తకమునందును వ్రాయబడలేదు. పెద్దవాని ప్రక్క నిలిచి పిన్నవాడు చూచి నేర్చుకొన్నాడు.

తెలంగాణమున ఈ విద్య కష్టముతో వేళ్లూనినది. నిజాము పాలనలో రాజభాష ఉర్దూ. తెలుగు పత్రిక నడుపుటయే సాహసము. అట్టి కాలమున, 1922లో, ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఇనుగుర్తి యను పల్లెలో ముద్రణయంత్రము నెలకొల్పి ‘తెనుగు’ పత్రికను వెలువరించినారు. అదే యేట నల్లగొండనుండి ‘నీలగిరి’ వచ్చినది. 1926 మే 10వ తేదీన సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించినారు. తెలంగాణమున కవులు లేరన్న మాటకు సమాధానముగా 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ 354 మంది కవుల రచనలతో వెలువడినది. ఆ సమాధానము ఊరక నోటితో చెప్పినది గాదు; ఒక్కొక్క సీసపు ముక్కను ఏరి కూర్చి చెప్పినది. పల్లెలో ముద్రణశాల పెట్టినవారికి గురువులెచ్చటనుండి వత్తురు? పని చేయుచు పనిని నేర్చుకొనుటయే వారికి మిగిలిన మార్గము.

ఇప్పుడు మరల బొగ్గు నేలకు వత్తము. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నాడు. 1886లో ఇంగ్లండున ఏర్పడిన హైదరాబాద్ దక్కను కంపెనీ 1889లో త్రవ్వకమును ప్రారంభించినది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అను పేరు వచ్చినది. నేడందులో తెలంగాణ ప్రభుత్వమునకు నూటికి 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 వంతులు కలవు. రామగుండము ప్రాంతమున గనులు 1960 ప్రాంతమున తెరువబడి, వాని చుట్టునే గోదావరిఖని పెరిగినది. పల్లెలనుండియు, పరరాష్ట్రములనుండియు వచ్చినవారు బాయిలో దిగినారు. చదువు వచ్చినవారు కొందరు, కూడబలుకుకొని చదువువారు కొందరు, ఏమియు చదువలేనివారు కొందరు.

అట్టి చోట గోడపైని అక్షరము అలంకారము కానేరదు. 1952 నాటి గనుల చట్టము, గని చెంత ఆ చట్టపు సారాంశమును, నియమముల సారాంశమును ఆంగ్లమునను, నిర్ణీతమగు ఇతర భాషలోను ప్రదర్శింపవలెనని విధించినది. 1966 నాటి నియమములు గని కార్మికులకు వృత్తిశిక్షణను ఏర్పరచినవి. బోర్డు కట్టుటతో చట్టము పాటింపబడినట్లే. కాని బోర్డు చదువబడినప్పుడు గాని ప్రాణము కాపాడబడదు. ఈ రెంటికి నడుమనున్న ఎడమును పూరించునది అక్షర రూపకల్పన.

బాయిలోని చీకటిలో చదువు ఎట్లుండునో ఊహింపుడు. తలపైని దీపము చిన్న వలయముగా వెలుగునిచ్చును. గాలిలో బొగ్గు ధూళి. చదువువాడు నడచుచుండును, ఒక్క క్షణమే బోర్డు వైపు తిరుగును. ‘ప్రవేశము నిషిద్ధము’ అను రెండు మాటలను తీసికొందము. ‘ప’కును ‘వ’కును ఎడమ వలయము తెరచుటలోను మూయుటలోను భేదము. ‘ష’యనగా ‘ప’లో చిన్న గీత. ‘వ’కు కొమ్ము చేర్చిన ‘మ’. ‘ద్ధ’లో ఒత్తు క్రింద ఒత్తు. తెలుగున చిక్కు పెట్టు అక్షరములన్నియు ఈ రెండు మాటలలోనే గుమిగూడినవి. వలయము సందు ఇరుకైన ‘ప’ ‘వ’ యగును; లోపలి గీత పూడిన ‘ష’ ‘ప’ యగును. అలవాటు గల పాఠకుడు సందర్భమును బట్టి సరిదిద్దుకొనును. కూడబలుకుకొని చదువువాడు అచ్చటనే ఆగిపోవును. కాని అతని కొరకే గదా ఆ బోర్డు వ్రాయబడినది!

ఇందు మరియొక సూక్ష్మము కలదు. కాగితముపై నల్లసిరా కొంచెము ప్రక్కలకు ప్రాకును. కావున అచ్చులో గీత వ్రాసినదానికన్న లావుగా కనబడును. నల్లని పలకపై తెల్లని అక్షరము వ్రాసి దీపము వేసిన దీనికి విపర్యయము జరుగును. అచ్చట ప్రాకునది తెలుపు. తెల్లని గీత ఉన్నదానికన్న లావై, లోపలి నల్లని సందులను మ్రింగును. అందువలన నలుపుపై తెలుపు వ్రాయునప్పుడు గీతను సన్నపరచి, అక్షరముల నడుమ ఎడమును హెచ్చింపవలెను. బోర్డులు వ్రాయు చిత్రకారులకు ఇది అనుభవమువలన తెలిసిన సంగతి. వారు సుద్దపూసిన దారముతో పంక్తులు కొట్టి, ఒత్తులకు చోటు విడిచి, కుంచె మొన మార్చుకొనుచు వ్రాసెడివారు. గత పాతికేండ్లలో ఫ్లెక్సీ ముద్రణ వచ్చి వారి పనిని చాలవరకు తుడిచివేసినది. చిత్రమేమనగా, వారి పాఠము పాతబడలేదు. ఫోను తెరకూడ స్వయముగా వెలుగు నిచ్చునదే; నల్లని తెరపై తెల్లని అక్షరమును నిలుపువాడు బాయి బోర్డు వ్రాసినవాని సమస్యనే ఎదుర్కొనుచున్నాడు.

తెరకు తెలుగక్షరము చేరిన విధము గూడ సూటియైనది కాదు. 1990 తరువాతి దశాబ్దమున పేజ్‌మేకర్ వంటి ఉపకరణములతో పాటు అను, శ్రీలిపి మొదలగు ఫాంట్లు మన ముద్రణశాలలలో ప్రవేశించినవి. సీసపు గూళ్లు మూలబడినవి. కాని ఒక్కొక్క ఫాంటుకు ఒక్కొక్క రహస్య సంకేతము. ఒక యంత్రమున కూర్చిన పుట, ఆ ఫాంటు లేని వేరొక యంత్రమున అర్థము లేని గుర్తుల గుంపు అయ్యెడిది. పత్రికల జాలపుటలదియు అదే స్థితి. అట్టివానిని చదువదగిన రూపమునకు మార్చుటకు వెన్న నాగార్జునగారు ‘పద్మ’ యను సాధనమును రచించినారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ప్రారంభమగుటకు గూడ వారే కారకులు.

ఈ అరాచకమునకు విరుగుడు యూనికోడ్. 1991 నాటి తొలి రూపముననే అందు తెలుగునకు చోటు లభించినది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి యను ఫాంటు వచ్చినప్పటినుండి అది సామాన్యులకు అందుబాటైనది. ఇందలి కీలకము తెలిసికొనదగినది. యూనికోడ్ అక్షరపు ఆకారమును దాచదు. ధ్వనుల క్రమమును దాచును. ‘స్త్రీ’ అను ఒక్క అక్షరము యంత్రములో ఆరు సంకేతములు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. వానిని ఒక్క రూపముగా కూర్చి, ఒత్తులను తమ తమ చోట్ల నిలుపుట ఫాంటులోని సూచనల పని. అనగా పూర్వము కంపోజిటరు వ్రేళ్లలో నున్న తెలివినే నేడు ఫాంటు రూపకర్త సూత్రములుగా వ్రాయవలసియున్నది. వ్రేళ్లకు తెలియని పనిని సూత్రముగా ఎవడు వ్రాయగలడు?

ఆ సూత్రములలో పొరపాటు కలిగిన ఫలమెట్టిదో 2018 ఫిబ్రవరిలో లోకమంతయు చూచినది. ‘జ్ఞా’ అను అక్షరములో కంటికి కనబడని విభజన సంకేతమొకటి చేరిన సందేశము వచ్చినంతనే ఐఫోనులలో ఆ పని నడుపు అనువర్తనములు కూలిపోయినవి. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ దానిని సరిదిద్దినది. జ్ఞానమునకు మొదటి అక్షరమే యంత్రమునకు అర్థము కాకపోయెనని అప్పుడు పలువురు నవ్వుకొన్నారు. నవ్వుటకు తగినదే, ఆలోచించుటకును తగినది. సీసపు పుటలో ఒక ముక్క తప్పిన పుట వికారమగును, అంతే. తెరలో తప్పిన ఎక్కడో దూరదేశమున తెలుగు తెలియనివాని యంత్రము గూడ నిలిచిపోవును. మన లిపి నడకను మనమే తెలిసి చెప్పకున్న వేరొకరు మన కొరకు చెప్పజాలరు.

అట్లు చెప్పుటకు పూనుకొన్నవారును కలరు. 2012 డిసెంబరున తిరుపతి ప్రపంచ తెలుగు మహాసభల సందర్భమున సిలికానాంధ్ర సహకారముతో పలు ఫాంట్లు ఉచితముగా వెలువడినవి. అందొకదానికి సురవరము అని పేరు. సీసపు ముక్కలతో పత్రిక నడిపిన మనుష్యుని పేరు తెరపై అక్షరమునకు పెట్టుట సముచితము. 2015లో హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము మూర్తి గ్రంథమాలలో పెద్దన మనుచరిత్రమును ప్రకటించినప్పుడు, ఆ మాలకై ఫియోనా రాస్, జాన్ హడ్సన్ గారలు రూపొందించిన తెలుగక్షరములను వాడినారు. పూర్వపు రూపములును ఒక్కొక్కటిగా తిరిగి వచ్చుచున్నవి. శాసనములలోని ‘ఴ’ 2014లోను, పాత పుస్తకములలోని నకార పొల్లు 2021లోను యూనికోడ్‌లో చేరినవి. శాసనమును చదువనివారు ఆ అక్షరమును అడుగగలిగియుండరు. బొంబాయి ఐ.ఐ.టి. 1969లో నెలకొల్పిన రూపకల్పనా కేంద్రము వంటి చోట్ల ఈ విద్యకు నేడు పీఠములు కలవు. 2008 నుండి అక్షర రూపకల్పనకై ప్రత్యేక సదస్సులు జరుపబడినవి.

గోదావరిఖనిలోని యువకుడు అంతదూరము పోవలెనా? పోగలిగిన మేలే. పోలేకున్నను అతనికి తలుపులు మూయబడలేదు. ముందుగా అక్షరమును చేతితో, కలముతోను, కుంచెతోను పెద్దదిగా వ్రాసి, గీత ఎచ్చట మొదలై ఎచ్చట తిరుగుచున్నదో తెలిసికొనవలెను. ఊరిలో పాత కంపోజిటరుగాని, బోర్డులు వ్రాసిన చిత్రకారుడుగాని యున్న వారి చెంత కొన్ని దినములు కూర్చుండవలెను. వారి తరము గడచిన ఆ పాఠము మరల దొరకదు. పిమ్మట తాను కూర్చిన మాటను మూడు చోట్ల పరీక్షింపవలెను: చిన్న అక్షరములతో ముతక కాగితముపై, ఎండలో పట్టుకొన్న ఫోను తెరపై, మసక వెలుతురున పది అడుగుల దూరమునుండి. చదువుటకు తన మిత్రుని పిలువరాదు. కన్ను మసకబారిన పెద్దవారిని, అక్షరములు కూడబలుకుకొను పసివానిని పిలువవలెను. వారు తడబడిన చోటనే తన పని ప్రారంభమగును.

‘ప్రవేశము నిషిద్ధము’ అను ఆ రెండు మాటలనే పరీక్షాపత్రముగా తీసికొనుడు. వానిని తడుముకొనక చదివించిన అక్షరము శుభలేఖలోను, పాఠ్యపుస్తకములోను, తెరపైనను చదివింపగలదు. ఈ పరీక్షకు ఖర్చు లేదు, కావలసినది ఓర్పు. ఉక్కుపై తారుమారుగా చెక్కిన కమ్మరికిని, పల్లెలో పత్రికను కూర్చిన సోదరులకును ఉన్న పెట్టుబడి అదియే.